తీసేసిన వరుస

ఎమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ మాన్యువల్లో ఫైళ్లను పోల్చడం గురించి ఒక చిన్న భాగముంది. ప్యాచ్‌లను, అంటే ఒక ఫైల్లో చేయవలసిన మార్పుల జాబితాలను, చదవడం, దిద్దడం గురించి మరొకటి. రెండూ కలిపి చదివినా అరగంట పట్టదు. మదనపల్లె కాలేజీల్లో చదువుకునే మా వాల్మీకిపురం పిల్లలు కొందరు సెలవుల్లో మా ఇంటికొచ్చి ప్రోగ్రాములు రాసుకుంటూ ఉంటారు. వాళ్ల కోసం ఈ రెండు భాగాలనూ తెలుగులో వివరించి పెడదామని మొదలుపెట్టాను. పని సాగేకొద్దీ, తెలుగు సంగతి తర్వాత, అసలు మాన్యువల్లోనే ఇంకొంచెం చెప్పవలసింది ఉందనిపిస్తోంది. చెప్పినదాంట్లో లోపం లేదు. ఏ కమాండు ఏం చేస్తుందో ఒద్దికగా రాసి ఉంది. కానీ చదివేవాళ్లు ఏ జంకుతో ఆ పేజీ తెరుస్తారో ఆ జంకు తీర్చే మాట ముందుగా ఎదురు రాదు.

ఆ జంకు ఎలాంటిదో ఒక పిల్ల అడిగిన ప్రశ్నలో నాకు తెలిసింది. "అన్నా, మైనస్ ఉండే లైను తీసేసిండేదా, ఇంక మనం తీసేయాల్సిందా?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు, ఎందుకంటే రెండూ నిజమే. ప్యాచ్ పంపినవాళ్లకు అది అయిపోయిన పని. తమ ఫైల్లో ఆ వరుస తీసేశారు, దాని చోట ప్లస్ గుర్తున్న వరుస పెట్టారు. ప్యాచ్ అందుకున్నవాళ్లకు అది ఇంకా కావలసిన పని. ఒకే కాగితం ఒకరికి లెక్క, ఇంకొకరికి ఆజ్ఞ. ఈ ఒక్క విషయం స్థిరపడితే మిగిలిన అధ్యాయమంతా తేలిక. స్థిరపడకపోతే ఎన్ని కమాండ్లు కంఠస్థం చేసినా చెయ్యి వణుకుతూనే ఉంటుంది.

ఏది పాత, ఏది కొత్త అన్న దగ్గరే మొదటి తడబాటు. రెండు ఫైళ్లను పోల్చి తేడాలు రాసిచ్చే ప్రోగ్రాం పేరు డిఫ్. కమాండ్లు టైపు చేసే షెల్‌లో డిఫ్ అని రాసేటప్పుడు పాత ఫైలు ముందు రావాలి, కొత్తది తర్వాత. ఎమాక్స్ లోపల డిఫ్ పిలిస్తే అది ముందు కొత్త ఫైలు పేరు అడుగుతుంది, తర్వాత పాతది. దానికి కారణముంది. మనం తెరిచి పని చేస్తున్నది కొత్తదే కదా, పాతది దాని బ్యాకప్ కావచ్చు. బ్యాకప్ ఉంటే ఎమాక్స్ తనంతట తనే దాని పేరు సూచిస్తుంది. కారణం తెలిసినవాళ్లకు ఇది సౌకర్యం. తెలియనివాళ్లు షెల్ అలవాటుతో పేర్లు తారుమారుగా ఇస్తారు, ప్లస్సులన్నీ మైనస్సులవుతాయి, చేసిన పనంతా రద్దు చేయమని ప్యాచ్ చెబుతుంది. దాన్ని తిరగేసే కమాండు ఉంది: కంట్రోల్-సి కంట్రోల్-ఆర్. అయినా ఈ అడిగే క్రమం, దాని కారణంతో సహా, ఆ భాగంలో మొట్టమొదటి వాక్యం కావాలని నా కోరిక.

డిఫ్ వయసు యాభై దాటింది. బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ రాసిన ఈ ప్రోగ్రాం 1974లో యూనిక్స్ ఐదో ఎడిషన్‌తో బయటికొచ్చింది. దాని పద్ధతిని ఆయనా జేమ్స్ హంట్ కలిసి 1976లో వివరించారు. నాకు నచ్చేదేమిటంటే, డిఫ్ తేడాలను వెతకదు. రెండు ఫైళ్లలోనూ అదే వరసలో వచ్చే పంక్తుల్లో అన్నిటికన్నా పొడవైన కూర్పేదో ముందు కనిపెడుతుంది. ఆ ఉమ్మడి పాఠంలో చేరకుండా మిగిలిందే తేడా. 1985లో లారీ వాల్ ప్యాచ్ ప్రోగ్రాం రాశాడు. దాంతో తేడాల జాబితా చదువుకునేదిగానే ఉండిపోక, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపి అక్కడి ఫైలుకు అతికించగలిగేదైంది. మారిన వరుసకు ముందు మూడు, వెనక మూడు మారని వరుసలు చేర్చి చూపే ఇప్పటి రూపం 1990లో వేన్ డేవిసన్ తెచ్చింది.

ఆ మారని వరుసల గురించి ఇంకా ఎక్కువ చెప్పాలి. పిల్లలు వాటిని వదిలేసి, రంగులో కనబడే మారిన వరుసలే చూస్తారు. కానీ ప్యాచ్ తన చోటు గుర్తుపట్టేది వాటితోనే. మనం పంపిన తర్వాత అవతలి ఫైల్లో పైన పది వరుసలు చేరి ఉండవచ్చు. ప్యాచ్‌లో రాసిన వరుసల అంకెలు కుదరకపోయినా, చుట్టూ ఉన్న వరుసలు కుదిరితే ప్యాచ్ ఆ చోటికి వెళ్లి పని చేస్తుంది. అవీ కుదరకపోతే బలవంతంగా అతికించదు. కుదరని ముక్కను వేరే ఫైల్లో పక్కన పెట్టి, మనిషిని చూడమంటుంది.

ఇక తీసేసిన వరుస. డిఫ్ దాన్ని తీసేశానని చెప్పి ఊరుకోదు, పూర్తిగా రాసి చూపుతుంది. ఇది ఎంత పెద్ద సంగతో మా ప్రాంతపు గ్రంథాల కథ తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. మాకు దగ్గర్లోనే తరిగొండ ఉంది. 18వ శతాబ్దంలో అక్కడ పుట్టిన వెంగమాంబ వేంకటాచల మాహాత్మ్యం లాంటి కావ్యాలు రాసింది. అచ్చుయంత్రం మా వైపు రాని రోజులవి. కావ్యం బతకాలంటే ఎవరో ఒకరు కూర్చుని ప్రతి ఎత్తాలి. అలా ప్రతి ఎత్తేవాళ్లలో కొందరు చదువుకున్నవాళ్లు. పద్యంలో ఏదో మాట వాళ్ల చెవికి కుదరకపోతే సరిచేసి రాసేవారు. చేసింది మంచి మార్పే కావచ్చు. కానీ తాటాకు మీద కొత్త మాట ఒక్కటే నిలిచేది. పాత మాట ఏమిటో, మార్చింది ఎవరో, అసలు మార్పు జరిగిందో లేదో తర్వాతివాళ్లకు తెలిసే దారి లేదు.

ఆ దారి వెతకడానికే సి.పి. బ్రౌన్ తన జీవితంలో పెద్ద భాగం ఖర్చుపెట్టాడు. 1820లో ఉద్యోగం మీద కడప వచ్చినవాడు తర్వాత వేమన పద్యాల మీద మనసు పడ్డాడు. ఒకే పద్యం ఒక్కో కట్టలో ఒక్కో రకంగా ఉండేది. దొరికిన ప్రతులన్నీ తెప్పించి, సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి, ఒకదానితో ఒకటి పోల్పించి, శుద్ధప్రతులు రాయించాడు. 1829లో 693 వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. 1839 నాటి కూర్పులో అవి 1164 అయ్యాయి. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు కడపలో ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది. పాత మాటను పక్కన రాసి ఉంచే అలవాటు ప్రతి ఎత్తినవాళ్లకు ఉండి ఉంటే, ఆ పండితుల శ్రమలో సగం మిగిలేది. ప్యాచ్‌ను తిరగేసి పాత ఫైలు మళ్లీ రాబట్టగలగడం కూడా ఆ మైనస్ వరుసల వల్లే. అందుకే వాటిని చెత్తగా చూడవద్దని పిల్లలకు చెబుతుంటాను.

ఎమాక్స్‌లో నాకు బాగా ఇష్టమైనది కంపేర్-విండోస్ అనే పాత కమాండు. రెండు కిటికీల్లో రెండు ఫైళ్లు తెరిచి, రెండిట్లోనూ కర్సర్ ఒక చోట నిలిపి దాన్ని పిలిస్తే, మాటలు కలిసినంత దూరం రెండు కర్సర్లూ కలిసి నడుస్తాయి. కలవని చోట ఆగిపోతాయి. అక్కడ ఏం చేయాలో అది చెప్పదు. చూడమంటుంది, అంతే. ఒకరు ఆకు చదువుతుంటే ఇంకొకరు రెండో ఆకు మీద వేలు నడిపి, మాట తప్పిన చోట ఆగమనే పద్ధతి ఇదే. ముందు దీనితో మొదలుపెట్టి తర్వాత డిఫ్‌కు వెళితే బాగుంటుందని నా అభిప్రాయం. పోల్చడం అంటే ఏమిటో కంటికి తెలుస్తుంది.

ప్యాచ్‌లను దిద్దే భాగంలో కావలసింది ఇంకొకటి. నా వేలు తాకితే మారేది ప్యాచా, ఫైలా? ప్రతి కమాండు పక్కనా ఈ ప్రశ్నకు జవాబు ఉండాలి. ప్యాచ్ లోపల ఒక వరుస దిద్దితే మారేది ప్యాచ్ మాత్రమే. దానికి తగ్గట్టు హంక్ (ప్యాచ్‌లో ఒక చోటి మార్పును చూపే ముక్క) తలమీది అంకెలను ఎమాక్స్ తనే సవరిస్తుంది. ఆ అంకెల్లో 12,7 అని మైనస్ పక్కన, 12,8 అని ప్లస్ పక్కన ఉంటే, పాత ఫైల్లో 12వ వరుస నుంచి 7, కొత్త ఫైల్లో 12 నుంచి 8 వరుసలు ఇక్కడ ఉన్నాయని. మారని వరుసలు ఆరు పోతే, ఒకటి తీసి రెండు పెట్టారన్నమాట. చేత్తో లెక్కపెట్టి దిద్దేవాళ్లకు ఇక్కడే తప్పులు దొర్లేవి. కంట్రోల్-సి కంట్రోల్-ఎ నొక్కితే మాత్రం ప్యాచ్ చెప్పిన మార్పు అసలు ఫైలు తెరిచి అక్కడ జరుగుతుంది. దానికి ముందు కంట్రోల్-సి కంట్రోల్-టి నొక్కితే ఆ హంక్ కుదురుతుందో లేదో పరీక్షించి చెబుతుంది, దేన్నీ మార్చదు. కొత్తవాళ్లకు పరీక్ష ముందు నేర్పాలి, అతికించడం తర్వాత.

తెలుగులో రాసేవాళ్లకు మరికొన్ని చిక్కులున్నాయి. డిఫ్ వరుసల లెక్కన పోలుస్తుంది. మనం పేరా మొత్తం ఒకే వరుసగా టైపు చేస్తాం. అందులో ఒక్క అక్షరం మారినా పేరా అంతా తీసేసి మళ్లీ పెట్టినట్టు కనబడుతుంది. హంక్ లోపల మారిన మాటలకు మాత్రం వేరే రంగు వేసి చూపే సదుపాయం ఎమాక్స్‌లో ఉంది, అది కొంత ఊరట. కానీ వాక్యానికొక వరుస చొప్పున రాసుకోవడం అంతకన్నా మేలు. ఇంకో చిక్కు కంటికి కనిపించదు. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, ఎత్వం పెట్టి దాని కింద రెండో గుర్తు చేర్చి కూడా రాయవచ్చు. తెర మీద రెండూ ఒకటే. డిఫ్‌కు వేరు. పొల్లుతో ముగిసే మాట చివర, అక్షరాలను విడదీసే కనబడని గుర్తు ఒకటి ఉండిపోయినా అంతే. మారని వరుస మారిందని చూపితే పిల్లలు యంత్రాన్ని అనుమానిస్తారు. కర్సర్ కింది అక్షరం ఏమిటో వివరంగా చెప్పే కమాండు ఎమాక్స్‌లో ఉంది, దాన్ని ఈ అధ్యాయంలోనూ ఒక మాట తలచుకుంటే మనలాంటి లిపులవాళ్లకు ఎంతో మేలు.

ఈ మాటలన్నీ మాన్యువల్లో చేరాలంటే ప్యాచ్‌గానే పంపాలి. మాన్యువల్ మూలపాఠం అందరికీ తెరిచి ఉంది, స్వేచ్ఛగా మార్చి పంచుకోవచ్చు. ఒకరు పంపిన మార్పులన్నీ కలిపి సుమారు 15 వరుసలు దాటితే మాత్రం ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు హక్కుల పత్రం రాసివ్వాలి. అడిగే క్రమం గురించిన వాక్యం, పరీక్ష ముందన్న మాట, యూనికోడ్ సంగతి, ఒక్కోటి విడిగా పంపడమే నయం. చదివి ఒప్పుకునేవాళ్లకు తేలిక.

ప్యాచ్ ఫైల్లో తేడా మొదలయ్యే చోటికి పైన మనం మామూలు మాటల్లో ఏం రాసినా ప్యాచ్ ప్రోగ్రాం దాన్ని దాటి వెళ్లిపోతుంది. ఆ చోటు మనుషులది. ఏం మారిందో కింద కనబడుతూనే ఉంది కాబట్టి, ఎందుకు మార్చామో అక్కడ రాయాలి. కంట్రోల్-ఎక్స్, 4, పెద్ద ఎ నొక్కితే ప్యాచ్‌లో మారిన ఫైళ్ల పేర్లతో మార్పుల పట్టీకి ఎమాక్స్ ఒక చట్రం వేసిస్తుంది. కారణం మాత్రం మనమే నింపాలి. నా తెలుగు వివరణలో ఈ చోట రెండు ఉదాహరణలు పెడుతున్నాను. మొదటిది పిల్లలు రాసిన ప్రోగ్రాంలో ఒక వరుస. రెండోది ఒక పద్యంలో ఒకే ఒక్క మాట, పాతదీ కొత్తదీ, పైన మార్చినవారు రాసిన కారణంతో.