కోటగోడ

మా గండికోటకు పెన్న లోయే సహజ కందకం. బస్టాపుకు కందకం లేదు. అపరిచితుల పరస్పర విశ్వాసమే దానికి కోటగోడ.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్‌లో ఉగ్రవాదులు ఆ గోడనే కూల్చారు. బస్టాపుల చెంత సైకిళ్ళకు అమర్చిన రెండు బాంబులు నిమిషాల వ్యవధిలో పేలాయి. 18 ప్రాణాలు పోయాయి. వందమందికి పైగా గాయపడ్డారు. మా సీమ పిల్లలెందరో శిక్షణకై చేరే ప్రాంతమది. ఆ రాత్రి నా పూర్వ విద్యార్థుల క్షేమవార్తకై తపించాను.

2016లో ప్రత్యేక న్యాయస్థానం ఐదుగురికి మరణశిక్ష విధించగా, 2025లో తెలంగాణ హైకోర్టు దానిని సమర్థించింది. దోషులను శిక్షించడం న్యాయస్థానాల విధి. విశ్వాసాన్ని నిలుపుకొనడం మన వంతు. గండికోటలో మాధవరాయస్వామి ఆలయం, జుమ్మా మసీదు ఒకే ప్రాకారంలో నిలిచాయి.

విద్యార్థులారా! యజమాని లేని సంచి కనబడితే తాకక పోలీసులకు తెలపండి. పేరును బట్టి పొరుగువానిని శంకించకండి.