ముత్తాత పేరు

గంగావతి చుట్టుపక్కల క్యాంపుల్లో పుట్టిన మాలాంటి వాళ్ళకి నాన్న పేరు, తాత పేరు తెలుసు. ఆ పైన ఎవరంటే "గోదావరి వైపు వాళ్ళు" అని ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. తుంగభద్ర డ్యాము నుంచి 1953లో కాలువలకి నీళ్ళు వదిలాక, వరి సాగు తెలిసిన మన రైతులు అక్కడ పొలాలు అమ్ముకుని ఇక్కడ కొనుక్కున్నారు. మా తాత 1958లో భీమవరం వైపు నుంచి వచ్చారు.

నాన్నగారి సంవత్సరీకం దగ్గర పడగానే పంతులుగారు మూడు తరాల పేర్లు రాసి ఉంచమన్నారు. పోయినేడు కర్మలప్పుడు ముత్తాతని ఇంట్లో అనుకునే "పెద్దయ్య" పేరుతోనే కానిచ్చారు. ఈసారి అసలు పేరు కావాలన్నారు. అది తెలిసిన ఆఖరి మనిషి నాన్నే.

మేము అక్కాతమ్ముళ్ళం ఇద్దరం బెంగళూరులో ఉంటాం. ఎప్పుడూ రాత్రి బస్సే. ఈసారి ఆఫీసులో రిలీజు ఆలస్యమై, ముందురోజు పొద్దున విద్యానగర్ విమానం ఎక్కాం. తోరణగల్లు దగ్గర దిగుతుంది. చిన్న ఏటీఆర్ అది. ఎక్కడం వెనక తలుపు నుంచి, వరసకి నాలుగే సీట్లు. పెద్దది చేయించిన నాన్న ఫోటో ఫ్రేము పైన అరలో పట్టలేదు. ఎయిర్ హోస్టెస్ "యారు ఇవరు?" అని కన్నడలో అడిగి, మా తందె అన్నాక, జాగ్రత్తగా తీసుకెళ్ళి వెనక నిలబెట్టింది. నాన్న ఎప్పుడూ విమానం ఎక్కలేదు.

ఏటీఆర్‌కి రెక్క కిటికీ పైన ఉంటుంది, అందుకని కింద నేలంతా కనబడుతుంది. చివర్లో సండూరు ఎర్రకొండలు వచ్చాయి. ఆ గంటసేపూ ఫోన్లు లేవు. ఇంట్లో ఏం దొరికిందో, ఏం దొరకలేదో తెలీదు.

దిగి ఫోన్ ఆన్ చేస్తే ఫ్యామిలీ గ్రూపు నిండిపోయి ఉంది. గారెలకి మినప్పప్పు ఎంత నానెయ్యాలి, అరిటాకులు ఎన్ని, వంటమనిషి ఎప్పుడొస్తాడు. వాటి మధ్యలో అమ్మ పంపిన ఫోటో ఒకటి. తాత ట్రంకుపెట్టెలో అడుగున దొరికిన పొలం కొన్న పత్రం. "ఏం రాసుందో చూడండ్రా, నాకు ఈ కన్నడ రాత రాదు" అంది. అమ్మ తెలుగులో చదువుకుని కోడలిగా వచ్చిన మనిషి.

మాది కన్నడ మీడియం. తెలుగు చదవడం పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాం. ఆ పాత గొలుసు రాతలో తాత పేరు పక్కన "బిన్" అని ఉంది. అంటే ఫలానావారి కొడుకు అని. ఆ తరవాత ముత్తాత పేరు. ఈ నేల చూడకుండానే పోయిన మనిషి పేరు ఈ నేల పత్రంలోనే, ఈ ఊరి లిపిలోనే ఉంది. పార్కింగులో నిలబడి ఇద్దరం పైకి చదివాం.

మర్నాడు పంతులుగారు మూడు పేర్లూ పలికించి మూడు పిండాలు పెట్టించారు. సాయంత్రం పిల్లల చేత ఆ పేర్లు నోటుపుస్తకంలో రాయించాం, తెలుగులో ఒకసారి, కన్నడలో ఒకసారి. మీ ఇళ్ళలో కూడా పాత పత్రాలు ఉంటే, చదవగల పెద్దవాళ్ళు ఉన్నప్పుడే తియ్యండి.