జలదంకిలో పేరయ్య జాడ

కావలి నుంచి ఉదయగిరి రోడ్డు పట్టి జలదంకిలో ఆగాం. అమెరికా నుంచి వచ్చిన మా అక్క కొడుకు ముచ్చట అది. వాడికి అక్కడ జియోక్యాషింగ్ అలవాటు. ఎవరో ఒక చిన్న డబ్బా దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు ఇస్తారు. ఫోన్ పట్టుకుని వెతికి, లోపలి కాగితం మీద పేరు రాసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టాలి. 2000 మే 3న ఓరెగాన్ అడవిలో డేవ్ అల్మర్ ఒక బకెట్ దాచడంతో ఈ ఆట మొదలైంది. అక్కడ పాత సమాధుల తోటల దగ్గరా ఇవి ఉంటాయట. రాతి మీది సంవత్సరాలు చదివి లెక్క కడితేనే డబ్బా ఉన్న చోటు తెలుస్తుంది. ఒక తొలితరం బాప్టిస్టు బోధకుడి చరిత్ర తను అలాగే తెలుసుకున్నానని చెప్పి, "మామా, మన పక్క అలాంటోళ్లు ఎవరున్నారు?" అని అడిగాడు.

ఎర్రగుంట్ల పేరయ్య అన్నాను.

ఒంగోలుకు పడమట తాళ్లకొండపాడు ఆయన ఊరు. తోలుపని చేసే మాదిగ ఇంట పుట్టి, రాజయోగం ఉపదేశం పొంది, దేవుణ్ణి వెతుక్కుంటూ తిరిగినవాడు. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికే ఆయన మాట విని ఊళ్లో ఎందరో నమ్మకంలో ఉన్నారు. 1867 జనవరిలో మిషనరీ జాన్ క్లౌ ఆ ఊరు వెళ్తే 28 మంది బాప్తిస్మానికి సిద్ధపడ్డారు. అంటే పొలం దున్ని విత్తనం వేసింది పేరయ్యే. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా నాకు తృప్తి ఉండదు. క్లౌ భార్య ఎమ్మా ముసలి బోధకుల నోట విన్న కథలతో 1899లో 'వైల్ సోయింగ్ శాండల్స్' అచ్చువేయించింది కాబట్టి ఈ మాత్రమైనా మనకు దక్కింది.

జలదంకి సమాధుల తోటలో కంపచెట్లు నడుము ఎత్తున ఉన్నాయి. ఒక సిమెంటు దిమ్మె మీద ఏటేటా వేసిన సున్నం పొరలు కట్టి, అక్షరాలు పూడిపోయాయి. మాకు తోడొచ్చిన పెద్దాయన గోటితో సున్నం గీకి, చివరి రెండు అంకెలు బయటికి తీశాడు. "మా తాత, నాయనా. ఉపదేశి. కలిగిరి దాకా నడిచే పోయేవోడు" అన్నాడు.

నెల్లూరులో 1840లోనే మిషనరీ శామ్యూల్ డే బాప్టిస్టు మిషన్ కేంద్రం పెట్టాడు. ఉదయగిరికి 1885లో మిషనరీ వచ్చాడు. మధ్యలో ఉన్న ఈ మెట్ట పల్లెలన్నిటికీ వాక్యం మోసింది ఇలాంటి తాతలే.

మావాడికి బాగా నచ్చింది ఇంకొకటి. క్లౌ యవ్వనంలో మిన్నెసోటాలో భూమి కొలిచే సర్వేయరు! 1876-78 కరువులో ఆ అనుభవంతోనే బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించాడు. గంజి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు నాళ్లలో బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులేసుకుని. క్లౌ దిగలేదు. ప్రపంచమంతా ఆ అంకె చెప్పుకుంటుంది. ఆ ఆరుగురి పేర్లు అడిగేవాళ్లేరీ?

అందుకే మావాడు ఇక్కడ డబ్బా పెడదామంటే సంతోషంగా సరేనన్నాను. సమాధుల మధ్య కాదు, రోడ్డు పక్క చింతచెట్టు దగ్గర. పెద్దాయన తాత దిమ్మె మీది అంకెలే దానికి తాళంచెవి. లోపల పేరయ్య కథ తెలుగులో ఒక పేజీ. "మా తాత పేరు గూడా రాయండి" అన్నాడు పెద్దాయన. రాశాం. సంఘం పెద్దల అనుమతి కావాలి. ఆదివారం ఆరాధన అయ్యాక అడుగుతానన్నాడు. సున్నం గీకడానికి ఈసారి కొబ్బరి పీచు, బక్కెట్టు నీళ్లు తెమ్మన్నాడు.