తోయమన్నారు, తోశాడు

తుపాకీ ఆటల్లో కథేమిటండీ అని చప్పరించేవారు, వాల్వ్ కంపెనీవారు తయారుచేయగా 1998లో విడుదలైన ‘హాఫ్ లైఫ్’ ఒకసారి చూడాలి. న్యూమెక్సికోలో బ్లాక్ మీసా అనే రహస్య పరిశోధనాలయం. గార్డన్ ఫ్రీమన్ అనే 27 ఏళ్ల భౌతికశాస్త్రజ్ఞుడు బుద్ధిగా ట్రాములో ఉద్యోగానికి పోతాడు. అంత చదువూ చదివి ఆయన చేసే పని, ఒక బండిని యంత్రంలోకి తోయటం! పైవాళ్లు తోయమన్నారు, తోశాడు. అంతే, వేరే లోకపు జంతుజాలమంతా వచ్చి మీద పడింది. ముప్ఫయ్యేళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టినవాణ్ణి, ఆ ఘట్టం నన్నెందుకు పట్టుకుందో వేరే చెప్పాలా?

మిలిటరీవారు వస్తున్నారంటే రక్షించటానికే కాబోలు అనుకుంటాం. తీరా చూస్తే, సాక్షులెవరినీ మిగల్చకుండా కాల్చేయటానికట! ఆ సంగతి ఎవరూ ఉపన్యాసమిచ్చి చెప్పరు. ఆశగా ఎదురు పరుగెత్తిన శాస్త్రజ్ఞుడు కుప్పకూలితే మనకే తెలుస్తుంది. ఆటలోని బలమంతా అక్కడే ఉంది.

ఇంత జరిగినా మన గార్డన్ నోరు విప్పడు. అదే గొప్పంటాడు మావాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

చివర జెన్ లోకానికి చేరాక మరీ నీరసం. మన కాళ్లు మనకు కనిపించవు, గాలిలో తేలే బండల మీదికి దూకాలి! 2020లో పూర్తయిన ‘బ్లాక్ మీసా’ అనే ఆటలో, అభిమానులే ఆ భాగాన్ని కొత్తగా కట్టుకున్నారు. నేను పదకొండుసార్లు అగాధంలో పడి, మావాడికి అప్పజెప్పాను. వాడు కాఫీ తాగుతూ దాటేశాడు.