గుంటూరు ఎండలో హీటరా?

కారుకు హీటర్ వాల్వు మార్చానంటే మా వీధిలో నవ్వనివాళ్ళు లేరు. "రోహిణి కార్తెకి రోళ్ళు పగిలే ఊళ్ళో హీటరేంది వదినా?" అంది పక్కింటి అమ్మాయి. ఆ మాటా నిజమే. మన రాష్ట్రంలో హీటర్ వేసుకోవాలంటే ధనుర్మాసంలో లంబసింగి కొండ ఎక్కాలి. రెంటచింతల ఎండ మాడ్చే మన మిర్చి, పత్తి పొలాల మధ్య ఆ బటన్ జోలికి పోయేదెవరు? కానీ మనం ముట్టుకోని ఆ చిన్న వస్తువే ఒక్కోసారి నడిరోడ్డు మీద బండిని ఆపేస్తుంది. కారు నడిపే అక్కచెల్లెళ్ళకు ఈ సంగతి తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

వంటిల్లు తెలిసినవాళ్ళకు ఇదేం బ్రహ్మవిద్య కాదు. కారు ఇంజను చుట్టూ నీళ్ళు తిరుగుతుంటాయి. ఇంజను వేడిని అవి మోసుకెళ్ళి, ముందున్న రేడియేటర్‌లో గాలికి చల్లారి వెనక్కి వస్తాయి. ఆ వేడినీళ్ళలో కొన్ని, రెండు రబ్బరు పైపుల గుండా డాష్‌బోర్డు వెనక ఉన్న బుల్లి రేడియేటర్‌కి పోతాయి. ఫ్యాను దాని మీదుగా గాలి ఊదితే మనకు వెచ్చదనం. అదే హీటర్. ఆ పైపు మధ్యలో ఉండే కుళాయే వాల్వు. మనం లోపల బటన్ తిప్పితే ఒక తీగ దాన్ని తెరుస్తుంది, మూస్తుంది. కొత్తగా వచ్చే చాలా కార్లలో ఈ కుళాయి లేదు. నీళ్ళు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, గాలిని మళ్ళించే రేకే వేడి చలువలు చూసుకుంటుంది. మాది పాతకాలపు బండి, కుళాయి ఉన్న రకం.

మా అత్తయ్యకి వారానికి మూడుసార్లు డయాలసిస్. చిలకలూరిపేట దగ్గర మా ఊరి నుంచి గుంటూరు తీసుకెళ్ళేది నేనే. మిర్చి సీజనులో మావారికి కళ్ళాల దగ్గరే తెల్లారుతుంది. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి నీళ్ళు కొలత ప్రకారమే ఇవ్వాలని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. గొంతు ఎండిపోతున్నా గుక్కలు లెక్కపెట్టుకోవాలి. అలాంటి మనిషిని ఎండలో రోడ్డు పక్కన కూర్చోబెట్టడమంత పాపం ఇంకోటి లేదు.

మొన్న ఏప్రిల్‌లో యడ్లపాడు దాటుతుండగా ఏసీలోంచి వెచ్చటి గాలి మొదలైంది. టెంపరేచర్ ముల్లు పైకి పాకుతోంది. అద్దాలు దింపుదామంటే మిర్చి లారీల ఘాటు, అత్తయ్యకి దగ్గు. అయినా దింపాను. ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, ఫ్యాను నిండుగా పెట్టాను. "మండే ఎండలో ఇదేం పనే అమ్మాయ్?" అన్నారు అత్తయ్య. ఇంజను వేడెక్కినప్పుడు లోపలి హీటర్ రెండో రేడియేటర్‌లాగా కొంత వేడిని లాగేస్తుంది. ముల్లు కాస్త దిగింది. ఆ సందున ఒక హోటలు ముందు వేపచెట్టు నీడ చూసి ఆపేశాను. మళ్ళీ చెప్తున్నాను, ఇది చెట్టు నీడదాకా చేరడానికేగానీ ప్రయాణం సాగించడానికి కాదు. నీళ్ళు పూర్తిగా కారిపోయి ఉంటే ఈ ఉపాయమూ పనిచేయదు, వెంటనే ఇంజను ఆపాల్సిందే.

అత్తయ్యని ఆటో ఎక్కించి గుంటూరు చేర్చేసరికి ఆలస్యమైంది. ఆలస్యమైతే ఆ పూట మిషను మీద ఉండే సమయం తగ్గుతుంది. తగ్గిన సమయానికి లోపల మిగిలిపోయిన నీళ్ళు ఆయాసంగా బయటపడతాయి. ఆ రాత్రి ఆవిడ దిండ్లకు ఆనుకుని కూర్చునే ఉన్నారు.

బండి చూసిన మెకానిక్ వాల్వు చూపించాడు. ప్లాస్టిక్ బిరుసెక్కి సన్నగా చిట్లింది, అతుకు దగ్గర తెల్లటి చారలు. లోపలి తీగ కూడా పట్టేసి, వాల్వు సగం తెరుచుకునే ఉంది. అందుకే ఏసీలోనూ వేడిగాలి. "ఇది పీకేసి పైపు పైపు కలిపేస్తానమ్మా. మన ఊళ్ళో హీటర్ ఎవరు వాడతారు?" అన్నాడు. ఆ పూటకి అలాగే కానిమ్మన్నాను. మన వైపు బళ్ళకి చాలామంది చేయించేది అదే, దానితో బండి నడుస్తుంది కూడా.

కానీ తిరుగు ప్రయాణంలో అత్తయ్యని చూశాను. డయాలసిస్ అయ్యాక చాలామందికి చలి పుడుతుంది. నడి ఏప్రిల్‌లో శాలువా కప్పుకుని వణుకుతున్నారావిడ. ఏసీ వేస్తే చలి, తీస్తే ఉక్క, అద్దం దించితే ఘాటు. ఏసీతోపాటు హీటర్ కాస్త కలిపితేనే ఆవిడ ఒంటికి సరిపడే గోరువెచ్చటి గాలి వస్తుంది. తుపాను వానల్లో ముందు అద్దానికి పట్టే ఆవిరి తీయడానికీ ఆ రెండూ కలిస్తేనే లాభం. గుంటూరులో హీటర్ ఎవరు వాడతారంటే, మా అత్తయ్య వాడతారు!

అంచేత సరైన వాల్వు తెప్పించి ఆదివారం పొద్దున్నే మా మరిదిని సాయం పెట్టుకుని నేనే మార్చాను. రాత్రంతా బండిని చల్లారనిచ్చాం. ఇది ముఖ్యం సుమా. ఆవిరి ఉన్న కుక్కరు మూత తీస్తామా? రేడియేటరూ అంతే. ఒత్తిడిలో ఉన్న నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగవు. మూత తీయగానే ఒక్కసారిగా మొహం మీదికి చిమ్ముతాయి.

చల్లారాక మూత తీసి, అడుగున ఒక పాత బేసిను పెట్టాం. ఏ పైపు ఎటు ఉందో రంగుదారాలు కట్టుకున్నాం. క్లిప్పులు ప్లేయరుతో నొక్కి వెనక్కి జరిపి, పైపుల్ని లాగకుండా మెల్లగా తిప్పి ఊడదీశాం. బలవంతంగా గుంజితే డాష్‌బోర్డు వెనకున్న బుల్లి రేడియేటర్ గొట్టం వంగిపోతుంది. అప్పుడు వంద రూపాయల పని వేలల్లోకి పోతుంది. రానంటే రబ్బరు చివర నిలువుగా కోయడమే నయం. కొత్త వాల్వు మీద బాణం గుర్తుంటే అది నీళ్ళు పారే వైపు చూడాలి. క్లిప్పులు కొత్తవే వేయండి. తీగ తగిలించాక లోపల బటన్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, వాల్వు పూర్తిగా మూసుకుంటోందో లేదో కళ్ళారా చూడాలి.

ఇక నీళ్ళు. మన వైపు బోరునీళ్ళు మరిగిస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, ఆ పొరే ఇంజనులోనూ కడుతుంది. కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో బండి పుస్తకంలో చెప్పిన పాళ్ళలో కలిపి పోయాలి. ముందే కలిపి అమ్మేదైతే అలాగే పోయొచ్చు. హీటర్ వేడివైపు తిప్పి, మూత తీసి ఉంచే ఇంజను నడిపితే లోపల చిక్కిన గాలి బుడగలుగా వస్తుంది. బుడగలు ఆగేదాకా కొంచెం కొంచెం పోసి, మూత బిగించాలి. మూత తీసే ఉంది కదా, ఆ కాసేపూ మొహం దూరంగా ఉంచండి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ మట్టం చూసుకోవాలి.

తల్లులందరూ గుర్తుంచుకోవాల్సింది ఇంకోటుంది. మామూలు కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. పైగా తియ్యగా ఉంటుంది, రంగు చూస్తే షర్బత్తే. పిల్లలూ కుక్కలూ నోట పెడతారు. అది కిడ్నీలనే దెబ్బతీస్తుంది. ఆ జబ్బుతో ఒక మనిషి పడే అవస్థ రోజూ చూసే ఇంట్లో అలాంటిది నేలమీద ఉంచగలనా? పారబోసిన చుక్కలు నీళ్ళతో కడిగేశాం, బేసిను మళ్ళీ వంటింటి గడప తొక్కలేదు, మిగిలిన డబ్బా తాళం వేసిన బీరువాలో ఉంది. పొరపాటున ఎవరైనా మింగితే చిట్కాలు వద్దు, డబ్బాతో సహా ఆస్పత్రికి పరిగెత్తండి.

వాల్వు మార్చడం మీ వల్ల కాకపోతే మెకానిక్‌నే పిలవండి, తప్పేం లేదు. కానీ వారానికోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు, బానెట్ ఎత్తి కూలెంట్ సీసా గీత దగ్గర ఉందో లేదో చూడండి. పైపుల అతుకుల దగ్గర తడి, తెల్లచారలు, లోపల తియ్యటి వాసన, కాళ్ళకింద పట్టా తడవడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి. పోపుల పెట్టెలో ఆవాలు అయిపోతే ముందే కనిపెట్టే మనకు, సీసాలో నీళ్ళు తగ్గడం కనిపెట్టడం ఓ లెక్కా!