బరువు ఎక్కడికి పోయింది?

పిల్లలూ! మీరు ఎప్పుడైనా మ్యూజియం చూశారా? అద్దాల పెట్టెల్లో పాత కత్తులూ, నాణేలూ, రాతి బొమ్మలూ ఉంటాయి. పక్కనే "ముట్టుకోరాదు" అని బోర్డు ఉంటుంది. వందల ఏళ్ళనాటి వస్తువులు చేతులు తగిలితే పాడవుతాయి గనుక ఆ నియమం సబబే. కాని, ముట్టుకుంటే తప్ప ఏమీ చెప్పని వస్తువులున్న మ్యూజియాలు కూడా ఉన్నాయి. అటువంటిదాన్ని చూడటానికి మా బడి పిల్లలను తీసుకువెళ్ళిన సంగతి మీకు చెబుతాను.

అది 1994వ సంవత్సరం. అప్పుడు నేను కుప్పం దగ్గర ఒక పల్లెటూరి హైస్కూలులో సైన్సు మాస్టరుని. మా బడిలో ఒక చెక్క బీరువా ఉండేది. అందులో కటకాలూ, అయస్కాంతాలూ, గాజు సామానూ, రెండు చిన్న ఇత్తడి గిలకలూ ఉండేవి. తాళంచెవి నా జేబులో ఉండేది. ఏదైనా పగిలితే దాని ఖరీదు నేనే ఇచ్చుకోవాలి. ఆ భయం చేత నేను బీరువా తెరిచేవాణ్ణే కాను. నల్లబల్ల మీద గిలక బొమ్మ వేసి పాఠం ముగించేవాణ్ణి. పిల్లలు ఆ బొమ్మను పరీక్షలో చక్కగా వేసేవాళ్ళు. నేను సంతోషించేవాణ్ణి.

ఆ ఏడు ముప్ఫయి మంది పిల్లలతో తెల్లవారుజామున కుప్పంలో రైలెక్కాను. అక్కడినుంచి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. చాలామందికి అదే మొదటి రైలు ప్రయాణం. బంగారుపేట స్టేషను రాగానే, "ఇక్కడ బంగారం దొరుకుతుందా సార్?" అని అడిగారు. దగ్గరలోని కోలారు గనుల్లో అప్పటికింకా బంగారం తీస్తూనే ఉన్నారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి.

బెంగుళూరులో కస్తూర్బా రోడ్డు మీద, కబ్బన్ పార్కు పక్కన, విశ్వేశ్వరయ్య పారిశ్రామిక సాంకేతిక మ్యూజియం ఉన్నది. 1962 జూలై 14న నెహ్రూగారు దానిని ప్రారంభించారు. విశ్వేశ్వరయ్యగారు ఎవరో తెలుసునా? 1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తిన తరువాత, మళ్ళీ అటువంటి ఆపద రాకుండా ఉపాయం చెప్పిన ఇంజనీరు ఆయనే. ఆయన పూర్వీకులది మన తెలుగునాటి మోక్షగుండం. ఆయన పుట్టినది ముద్దేనహళ్ళి అనే చిన్న పల్లె. ఈ మాట చెప్పగానే మా పిల్లలు కాస్త నిటారుగా నిలబడ్డారు.

లోపలికి వెళ్ళాక మాత్రం అందరూ చేతులు కట్టుకుని గోడవారగా నిలబడిపోయారు. "ముట్టుకోవచ్చా సార్?" అని నెమ్మదిగా అడిగారు. ఆ అలవాటు వాళ్ళకు నేర్పినది ఎవరు? నేనే కదా! నాకు సిగ్గు వేసింది. "ముట్టుకోండిరా, అందుకే వచ్చాం," అన్నాను.

ఒకచోట గిలకల మీదుగా తాళ్ళు వేసి, వాటికి కుర్చీ వేలాడదీశారు. ఒకరు కూర్చుంటే ఇంకొకరు తాడు లాగాలి. మాలో అందరికన్నా లావుపాటి అబ్బాయి కూర్చున్నాడు. బరువు 40 కిలోలు ఉంటాడు. అందరికన్నా బక్కపలచని వాడు, ఒక గొర్రెల కాపరి కొడుకు, తాడు పట్టుకుని లాగాడు. కుర్చీ పైకి లేచింది! పిల్లలు చప్పట్లు కొట్టారు. వాడు మాత్రం నవ్వలేదు. నా దగ్గరకు వచ్చి, "బరువు ఎక్కడికి పోయింది సార్?" అని అడిగాడు.

పదేళ్ళు గిలకల పాఠం చెప్పాను. ఈ ప్రశ్న నన్ను ఒక్కరూ అడగలేదు. నేను జవాబు చెప్పకుండా, "కుర్చీ ఒక మూర లేవడానికి నీ చేతిలోకి ఎన్ని మూరల తాడు వచ్చిందో కొలిచి చూడు," అన్నాను. వాడు మళ్ళీ లాగి కొలిచాడు. నాలుగు మూరలు! కుర్చీని నాలుగు తాళ్ళు మోస్తున్నాయి. ఒక్కొక్క తాడుకు 10 కిలోలే వస్తుంది. గిలకల రాపిడి వల్ల ఇంకొంచెం బలం కావాలి, అంతే. "బరువు తాడులోకి పోయింది సార్!" అని వాడు గట్టిగా అరిచాడు. బలంలో ఆదా చేసినది దూరంలో చెల్లించాలన్నమాట.

మర్నాడు బడిలో వాడు నా బల్ల దగ్గరకు వచ్చి, "మన బీరువాలో గిలకలున్నాయి కదా సార్?" అన్నాడు. నా చెయ్యి జేబులోని తాళంచెవి మీదికి పోయింది. ఒక్క నిమిషం తటపటాయించాను. తరువాత బీరువా తెరిచాను.

ఆ ఇత్తడి గిలకలు నూతికి పనికివచ్చేంత పెద్దవి కావు. వాటితో నమూనా చేసి చూసుకుని, పాడుబడిన నూతి గిలక ఒకటి తెచ్చి, వాడి ఇంటి బావి బొక్కెనకు కట్టాము. తాడు ఒక కొస పైదూలానికి కట్టి, బొక్కెన గిలక కిందుగా పోనిచ్చి, పైగిలక మీదుగా లాగాము. బరువు దాదాపు సగమయింది. వాడి అవ్వ రెండు బొక్కెనలు తోడి, "అయ్యవారూ, బొక్కెన తేలికయింది, నిజమే. కాని తాడుకు అంతే లేదే!" అన్నది. పాఠంలో మిగిలిన సగం అవ్వ చెప్పింది.

ఆ కుర్రవాడు పాలిటెక్నిక్ చదివి, ఇప్పుడు ఒక రేవులో ఓడల సరుకు ఎత్తే క్రేనులను చూసుకుంటున్నాడు. వెంట వచ్చిన ముప్ఫయి మందీ అలా కాలేదు. ఒక్కరోజు ప్రయాణంతో ఎవరూ ఇంజనీరు కారు. ఇంటికి వచ్చాక బీరువా తెరుచుకోవాలి.

ఇప్పుడు అంత దూరం పోలేని పిల్లల కోసం మ్యూజియమే బండెక్కి వస్తున్నది. కలకత్తా బిర్లా మ్యూజియంవారు 1965లోనే పరికరాలను బస్సులో పెట్టి ఊళ్ళకు పంపారు. మా కుప్పం దగ్గర అగస్త్య సంస్థవారి బళ్ళు పల్లె బడులకు వెళ్ళి, నమూనాలను పిల్లల చేతికే ఇస్తాయి. తిరుపతిలో అలిపిరి దారిలో కూడా ఒక సైన్సు కేంద్రమున్నది. కొండకు వెళ్ళినప్పుడు ఒక పూట అక్కడ ఆగండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. మీ అబ్బాయి పాత గడియారం విప్పితే, మీ అమ్మాయి సైకిలు చెయిను ఊడదీస్తే, వెంటనే కేకలు వేయకండి. "ఏం కనిపెట్టావు?" అని అడగండి. పిల్లలూ, కరెంటు వస్తువుల జోలికి మాత్రం పెద్దలు పక్కన లేకుండా పోకండి. మిగిలినవాటిని తాకి చూడండి, కొలిచి చూడండి, అడిగి చూడండి. మీ బడిలో తాళం వేసిన బీరువా ఉంటే, అందులో ఏమున్నదో మీ మాస్టారును రేపే అడగండి.