దరఖాస్తుల బల్ల

19 ఫిబ్రవరి 2025, బుధవారం

కులగణన సర్వే సారు మళ్ళొచ్చాడు. నవంబర్లో మా వారాసిగూడ గల్లీలన్నీ తిరిగిన బడిపంతులే. అప్పుడు తప్పిపోయిన ఇళ్ళకి ప్రభుత్వం ఈ నెల 16 నుంచి 28 దాకా ఇంకో అవకాశం ఇచ్చింది. నేను జిరాక్స్ తీస్తుంటే బల్ల ముందు స్టూలు లాక్కుని కూచున్నాడు. ఫామ్‌లో కులం మొదలుకొని అప్పు, భూమి దాకా అన్నీ కలిపి 75 గడులు.

"బస్తీల తలుపు కొట్టకముందే కాయితాలు పట్టుకొని కూసుంటరన్నా. ఒక ముసలామె బిడ్డ పెండ్లి పత్రిక గూడ తెచ్చి సూపిచ్చింది. తార్నాక దిక్కు అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ లిఫ్ట్ కాడికి గూడ పోనియ్యలే."

రాష్ట్రం మొత్తమ్మీద తప్పిపోయిన కుటుంబాలు 3.1 శాతమట. తాళం వేసుకున్నవాళ్ళు, ఇష్టం లేదన్నవాళ్ళు, రేపు రమ్మన్నవాళ్ళు. లెక్కకొచ్చినవాళ్ళలో ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45. మిగిలిన ఓసీలు 15.79.

ఆ ముసలామె పెళ్ళి పత్రిక ఎందుకు తెచ్చిందో నాకు తెలుసు. ఏ కాగితం ఏ పథకానికి అడుగుతారో తెలియక ఏదీ పారెయ్యని ఇల్లది. వాచ్‌మన్ ఆపిన ఇంటికి ప్రభుత్వం నుంచి కొత్తగా రావలసింది ఏమీ లేదు, వస్తే గిస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళే రావాలి.

17 మార్చి, సోమవారం

ఒకే పేపర్లో మూడు వార్తలు. బీసీలకు 42 శాతం రిజర్వేషన్ బిల్లు ఇవాళ అసెంబ్లీలో. నిరుద్యోగులకి సబ్సిడీ రుణాల పథకం, రాజీవ్ యువ వికాసం, ఇవాళే మొదలు. మూడోది లోపలి పేజీలో: కాలేజీల్లో, డిపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల దగ్గర ధర్నాలూ నినాదాలూ కుదరవని ఉస్మానియా యూనివర్సిటీ 13వ తేదీన ఇచ్చిన సర్క్యులర్ మీద గొడవ.

సాయంత్రం 'ఏ' హాస్టల్ అన్న ఆ సర్క్యులర్ ఫోన్లో పెట్టుకుని వచ్చాడు, వంద కాపీలు కావాలని. "ధర్నా చేస్తమన్న నోటీసు గూడ దీని ఎనకనే కొట్టన్నా, కాయితం కలిసొస్తది" అన్నాడు. ముందు వైపు నిషేధం, వెనక వైపు ధర్నా. పైసలు రేపిస్తానని పోయాడు.

ఈ అన్న నాన్‌బోర్డర్. అంటే రికార్డులో హాస్టల్లో లేడు, నిజంలో ఉన్నాడు. మంచం ఇంకొకరిది, మెస్సులో ప్లేటు ఇంకొకరిది. మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు పడ్డప్పుడు ఫామ్ నా దగ్గరే నింపాడు. ప్రిలిమ్స్ అక్టోబర్‌లో అయింది. పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ పెట్టారు, సెప్టెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్, మళ్ళీ ఫామ్. అదే నెలలో వయోపరిమితి 46కి పెంచారు, ఎస్సీ ఎస్టీ బీసీలకు ఇంకో ఐదేళ్ళు. యాభయ్యొకటో ఏడు దాకా అభ్యర్థిగా ఉండొచ్చు. దీన్ని మేలు అనాలో ఏమనాలో తెలియక మేము ఇద్దరం నవ్వుకున్నాం ఆ రోజు.

ఈ చుట్టుపక్కల దరఖాస్తుకు రాని జవాబు ధర్నాకు వస్తుందని తరాలుగా నమ్మకం. 1938లో వందేమాతరం పాడి హాస్టళ్ళు పోగొట్టుకున్న పిల్లలు నాగపూర్ పోయి చదువుకున్నారు. 1969లో ప్రత్యేక తెలంగాణ కోసం తుపాకులకు ఎదురు పోయారు. ఆ ఉద్యమం ఊపులో 1971లో తెలంగాణ ప్రజాసమితి 14 లోక్‌సభ సీట్లలో 10 గెలిచింది, ఏడాది తిరక్కుండా కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 2009లో మళ్ళీ ఇవే హాస్టళ్ళు. 2010 ఫిబ్రవరిలో ఎన్‌సీసీ గేటు దగ్గర సిరిపురం యాదయ్య ఒళ్ళు కాల్చుకున్నాడు. రాష్ట్రం వచ్చిన 2014లో క్యాంపస్ నుంచి ఒక బాల్క సుమన్ పార్లమెంటుకి, ఒక గాదరి కిశోర్ అసెంబ్లీకి పోయారు. ఇద్దరూ దళితులు, ఇద్దరూ గెలిచింది రిజర్వుడు స్థానాల్లో. మిగతా వేలమంది ఏమయ్యారంటే, చాలామంది ఫామ్‌లు నా దగ్గర నింపారు.

24 మార్చి

ఆదాయం సర్టిఫికెట్ల సీజన్. యువ వికాసంలో రుణం నాలుగు లక్షల దాకా, సబ్సిడీ ఎక్కువ, పట్నంలో ఏడాది ఆదాయం 2 లక్షలు దాటకూడదు. పొద్దుట్నుంచి సర్వర్ గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

నామాలగుండు నుంచి ఒకామె వచ్చింది, నాలుగిళ్ళలో పాచి పని. ఆదాయం ఎంత రాయాలన్నాను. "నువ్వే రాయి బిడ్డా, ఎంత రాస్తే వస్తదో." ఆమెకి నెలకి ఎంతొస్తుందో ఇద్దరం లెక్క వేశాం. ఏడాదికి లక్షా అరవై వేలు తేలింది. మొగుడి కూలీ కలిపితే గీత దాటుతుంది. మొగుడు తాగి ఇంటికి తెచ్చేది లేదు గనక కలపనక్కర్లేదని ఆమె వాదన. చట్టం దృష్టిలో అది నిలవదు, ఆమె దృష్టిలో అంతకన్నా నిజం లేదు. నేనేం రాశానో ఈ డైరీలో రాయను.

ఆమె వెనకే ఒక కుర్రాడు ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కి. అగ్రవర్ణ పేదలకి 2019 జనవరిలో రాజ్యాంగం సవరించి ఇచ్చిన 10 శాతం, 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు 3-2తో సరే అన్నది. వాళ్ళ పేదరికానికి గీత 8 లక్షలు. బీసీ పిల్లాడికి పట్నంలో స్కాలర్‌షిప్ కావాలంటే 2 లక్షలు. కుర్రాడు మంచివాడు, నాన్న అర్చకుడు, నిజంగానే లేనివాళ్ళు. కోపం వాడి మీద కాదు. ఒకే బల్ల మీద, ఒకే పూట, పేదరికం ఒకరి చేతిలో నాలుగింతలు సాగుతుంటే చూస్తూ ప్రింట్ కొట్టడం ఒక ఉద్యోగం.

30 మార్చి, ఉగాది

షాపు మూసే ఉంచాను. గ్రూప్-1 ర్యాంకుల జాబితా పండగ పూట పెట్టారు. 'ఏ' హాస్టల్ అన్న ఫోన్ ఎత్తలేదు.

2 ఏప్రిల్

రేషన్ షాపు ముందు ఇంత క్యూ ఈ మధ్య చూళ్ళేదు. ఉగాది రోజు హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టిన సన్నబియ్యం ఇవాళ మా గల్లీకి దిగింది, తలకి 6 కిలోలు. జనం సంచిలో చెయ్యి పెట్టి గింజలు అరచేతిలో పోసుకుని చూస్తున్నారు. "సన్నయే" అని ఒకామె పక్కామెకి చూపించింది. పక్కామె రెండు గింజలు నోట్లో వేసుకుని నమిలింది.

ఇన్నేళ్ళూ దొడ్డుబియ్యం ఇక్కడ ఎవరూ వండుకోలేదు. కిలో పదికో పన్నెండుకో ఆటో వాడికి అమ్మేసి, దానికి నలభై కలిపి కిరాణా కొట్లో సన్నవి కొనుక్కున్నారు. ఆ అమ్మకం నేరమని అందరికీ తెలుసు. ఎవరు కొంటున్నారో, ఎక్కడ పాలిష్ పట్టించి ఎక్కడికి పంపిస్తున్నారో కూడా తెలుసు. కేసు మాత్రం ఎప్పుడూ ఆటో వాడి దగ్గర ఆగుతుంది.

1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకి కిలో అన్నప్పుడు కూడా బియ్యం మీద ఇంత మాటే నడిచిందని మా అమ్మ చెప్పేది. ఆమె చిన్నప్పుడు నల్గొండ దగ్గర పల్లెలో వరి అన్నం దసరాకే, మిగతా రోజులు గట్క. ఇక్కడికి ఒక మైలు దూరంలో, జామియా ఉస్మానియా దగ్గర, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1958లో కూనూరు నుంచి తెచ్చి పెట్టారు. జొన్నలే తినే పేదవాళ్ళకి పెల్లాగ్రా ఎందుకొస్తుందని సి. గోపాలన్ పరిశోధించాడు. ఇప్పుడు అక్కడివాళ్ళు పాలిష్ తక్కువ పట్టండి, చిరుధాన్యాలు తినండి అంటున్నారు. సలహా సరైనదే. క్యూలో నిలబడ్డ ఆమెకి చెప్పి చూడమనండి. సన్నబియ్యం ఇన్నాళ్ళూ దొరల ఇళ్ళలో ఉడికిన బియ్యం. ముందు ఆ అన్నం కడుపునిండా తినాలి, రాగుల సంగతి తర్వాత.

ఇదొక్కటి మాత్రం దరఖాస్తు లేకుండా వచ్చింది. కార్డున్న వాళ్ళకి. కార్డు లేనివాళ్ళ దరఖాస్తులు బీరువాలో ఉన్నాయి.

5 ఏప్రిల్, శనివారం

కంచ గచ్చిబౌలిలో చెట్లు కూలుస్తున్న బుల్డోజర్లు ఆగాయి. మొన్న 3న సుప్రీంకోర్టు ఆపింది. 400 ఎకరాలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పిల్లల్ని ఈడ్చుకెళ్ళిన వీడియోలు మా హాస్టల్ పిల్లలు పగలంతా చూస్తున్నారు. ఆ యూనివర్సిటీయే ఉద్యమం పెట్టిన భిక్ష. 1969, 1972 గొడవల తర్వాత 1973లో ఆరు సూత్రాల ఒప్పందం, అందులో ఒక సూత్రం ఈ యూనివర్సిటీ, 1974లో పుట్టింది. అప్పుడు ఊరిబయట రాళ్ళగుట్టలు. ఇప్పుడు ఐటీ కంపెనీలకి పక్కిల్లు.

భూమి ఎవరికి ఎంత తొందరగా దొరుకుతుందో చదివాను ఇవాళ. 2014లో వచ్చిన టీఎస్-ఐపాస్ చట్టం ప్రకారం పరిశ్రమ పెట్టేవాడు అన్ని అనుమతులకీ ఒకే చోట అర్జీ పెట్టుకోవచ్చు. భారీ ప్రాజెక్టుకి 15 రోజులు, మిగతావాటికి 30. నిబంధనలు పాటిస్తానని అర్జీదారు తానే రాసిస్తే చాలు. గడువులోగా ఆఫీసరు జవాబివ్వకపోతే అనుమతి ఇచ్చినట్టే.

రెండుసార్లు చదివాను ఆ చివరి మాట. నా బల్ల మీది ఏ ఫామ్‌కైనా ఆఫీసరు జవాబివ్వకపోతే లేదన్నట్టే. పింఛను, రేషన్ కార్డు, ఇల్లు, అన్నీ. నామాలగుండు ఆమె తన ఆదాయం తనే రాసిస్తే చెల్లదు, తహసీల్దారు సంతకం కావాలి. ఫ్యాక్టరీ యజమాని మాట మీద నమ్మకంతో చట్టమే రాశారు.

అన్యాయం చెయ్యకూడదు కాబట్టి ఇంకోటి కూడా రాయాలి. 2020లో ఇళ్ళకి తెచ్చిన టీఎస్-బీపాస్‌లో 75 గజాల లోపు జాగాలో కట్టుకునేవాడికి ప్లాన్ అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి పేరు నమోదు చేసుకుంటే చాలు. మంచిది. పేదవాడి మాట కూడా నమ్మొచ్చని, నమ్మితే కొంపేమీ మునగదని దాంతో తేలింది. మిగతా ఫామ్‌లకి ఎందుకు తేలలేదో ఎవరూ చెప్పరు.

9 ఏప్రిల్

డబ్బున్నవాళ్ళు ఆదాయం రాసివ్వాల్సిన ఫామ్ ఒకటుంది. ఎన్నికల అఫిడవిట్, ఫామ్ 26. సుప్రీంకోర్టు 2002లో, మళ్ళీ 2003లో చెబితేగానీ రాలేదు. అది తిరగేస్తూ కూచున్నాను, బేరాల్లేని మధ్యాహ్నం.

2024లో లోక్‌సభకి గెలిచిన 543 మందిలో 504 మంది కోటీశ్వరులు. 2009లో 58 శాతం ఉండేవాళ్ళు, ఇప్పుడు 93. వాళ్ళందరిలో ఆస్తిలో మొదటివాడు మన గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్, 5,705 కోట్లు, అమెరికాలో సంపాదించింది. రెండోవాడు మన చేవెళ్ళ ఎంపీ కొండా విశ్వేశ్వర్‌రెడ్డి, 4,568 కోట్లు. రంగారెడ్డి జిల్లాకి పేరిచ్చిన కొండా వెంకట రంగారెడ్డి మనవడు. ఒకరు టీడీపీ, ఒకరు బీజేపీ. మొదటి రెండు స్థానాలూ తెలుగువాళ్ళవే. గర్వపడాలో వద్దో పక్క షాపు టైలర్‌ని అడిగాను. "మనకెంత వస్తదన్నా దాంట్ల?" అన్నాడు.

ఎన్నికల సంఘం లెక్కలో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు మించకూడదు. 2022 మునుగోడు ఉపఎన్నిక కళ్ళారా చూసినవాళ్ళకి ఈ అంకె చెబితే నవ్వుతారు. 2023లో కొల్లాపూర్‌లో బర్రెలక్క, కర్నె శిరీష, ఉద్యోగం రాక బర్రెలు కొనుక్కున్నానని వీడియో పెట్టిన పిల్ల, స్వతంత్రంగా నిలబడింది. 5,754 ఓట్లు. మా హాస్టల్ పిల్లలు సెలవు పెట్టి వెళ్ళి తిరిగారు ఆమె కోసం. ఓడిపోతుందని తెలిసే వెళ్ళారు. ఫామ్ నింపేవాళ్ళలోంచి ఒకరు నామినేషన్ ఫామ్ నింపడం వాళ్ళకి నచ్చింది.

14 ఏప్రిల్, సోమవారం

పొద్దున్నే నీలిజెండాల బైకులు. అంబేద్కర్ జయంతి. 1972లో ఇదే తేదీన ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గర జార్జిరెడ్డిని కత్తులతో పొడిచి చంపారు, ఇరవయ్యయిదేళ్ళు, ఫిజిక్స్ గోల్డ్ మెడలిస్టు. క్యాంపస్‌లో ఒకే రోజు రెండు దండలు, రెండు గుంపులు, కొందరు పిల్లలు రెండిటికీ.

ఈసారి మూడోది కూడా కలిసింది. ఎస్సీ వర్గీకరణ జీవో ఇవాళ వచ్చింది. 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మంద కృష్ణ మొదలుపెట్టిన మాదిగ దండోరా, ముప్పయ్యేళ్ళ తర్వాత నిరుడు ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు, ఇవాళ అమలు. మొదటి గ్రూపు 15 కులాలకి 1 శాతం, రెండో గ్రూపు 18 కులాలకి 9, మూడో గ్రూపు 26 కులాలకి 5. మాలలకి కోపం, మాదిగలకి పండగ. నా బల్ల దగ్గర ఇద్దరు క్లాస్‌మేట్లు ఒకే జీవో రెండు కాపీలు తీయించుకుని మాట్లాడుకోకుండా పోయారు.

యువ వికాసానికి కూడా ఇవాళే ఆఖరు. పేపర్ ప్రకారం అర్జీలు 16 లక్షలు దాటాయి. ఇచ్చేది 5 లక్షల మందికి.

రాత్రి తొమ్మిదింటికి, షట్టర్ సగం దించాక, బుడగజంగం పిల్లాడు వంగి లోపలికొచ్చాడు. ఫోన్లో జీవో చూపించి "మా కులం దీంట్ల ఉందా సూడన్నా" అన్నాడు. మొదటి గ్రూపులో ఉంది, బేడ బుడగజంగం. వాడి వేలు ఆ వరస మీద పెట్టి చూపించాను.

"ఒక శాతమంటే మాకేనా?"

"మీకూ, ఇంకో పద్నాలుగు కులాలకీ."

"వందల ఒకటి."

"శాఖకి పదో పదిహేనో ఖాళీలు పడితే ఆ ఒకటి ఎక్కడొస్తదో రోస్టర్ చూడాలె."

వాళ్ళ తాత ఊరూరా కథ చెప్పినవాడు. ఏ ఊరూ తమది కాదనడంతో కుల సర్టిఫికెట్‌కే వాడు రెండేళ్ళు తిరిగాడు. లిస్టు ఇంకోసారి చదువుకున్నాడు. ఆ తర్వాత యువ వికాసం ఫామ్ నింపుదామన్నాడు, మేకల యూనిట్‌కి. వారాసిగూడలో మేకలు ఎక్కడ కడతావురా అన్నాను.

"ముందు రానియ్యన్నా. కుల సర్టిఫికెట్ గూడ రాదనే అన్నరు."

కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేశాను. గడువు పన్నెండింటి దాకా ఉంది. ఆధార్ నంబర్ చెప్పమన్నాను.